పొదగేసిన గుడ్లన్నీ మురిగిపోతుంటే: పర్లాకిమిడిలో ఒక బ్రహ్మ కోళ్ళ కేసు

బ్రహ్మ కోళ్ళు పెంచేవాళ్ళ దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒక్కటే. గుడ్లు మురిగిపోతున్నాయి, పొదగేస్తే పిల్లలు కావడం లేదు. కారణం కూడా ఫోన్ చేసేలోపే వాళ్ళు తేల్చేసి ఉంటారు. "పుంజు దండగండీ, ఇంకోటి ఎక్కడ దొరుకుతాదో చెప్పండి" అంటారు. ఇంకోటి దొరుకుతుంది. డబ్బు పోస్తే రేపే దొరుకుతుంది. అదే షెడ్డులో, అదే మేతతో నాలుగు నెలలు ఉంటే అది కూడా దండగ పుంజే అవుతుంది. ఇంత బరువున్న జాతిలో గుడ్డు పిల్ల కాకపోతే నేను ముందు చూసేది పుంజు పాదాలు. ఎందుకో ఈ కేసు చూస్తే తెలుస్తుంది.

కోళ్ళు ఒక రిటైరైన టీచరమ్మ గారివి. ఇల్లు పర్లాకిమిడిలో, పాతపట్నం వైపు. పెరట్లో జామ, మునగ, రెండు కొబ్బరి చెట్లు, నాలుగైదు నాటు కోళ్ళు. వాటితోపాటు ఒక తెల్ల బ్రహ్మ పుంజు, ఆరు పెట్టలు. అన్నీ ఒకే మనిషి దగ్గర, ఒకేసారి కొన్నవి. పుంజును తూకం వేస్తే ఐదు కిలోలకు కాస్త తక్కువ ఉంది. మెడ మీద నల్ల చారలు, తోకలో నలుపు, మిగతా ఒళ్ళంతా తెలుపు, కాళ్ళకు వేళ్ళ చివరిదాకా ఈకలు. మనవడు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని హోంవర్క్ చేసుకుంటాడట. నిజంగానే అంత సాధువు. నేను సూది వేసినా గొణిగింది గానీ పొడవలేదు.

ఈ జాతి పూర్వీకులు 1840ల్లో షాంఘై రేవు నుంచి అమెరికా చేరిన పెద్ద చైనా కోళ్ళు. 1852లో కొన్నిటిని విక్టోరియా రాణికి కానుకగా పంపాక ఇంగ్లండులో వీటి మీద మోజు పెరిగింది. 1874లో అమెరికా వాళ్ళు కోళ్ళ జాతులకు రాసుకున్న ప్రమాణాల పుస్తకంలో లేత రంగు, ముదురు రంగు బ్రహ్మలు రెండూ ఉన్నాయి. అందులో పుంజు బరువు పన్నెండు పౌండ్లు, అంటే దాదాపు ఐదున్నర కిలోలు. పెట్ట నాలుగు కిలోలు దాటుతుంది. మంచు కురిసే ఊళ్ళలో, చలికాలంలో కూడా గుడ్లు పెట్టాలని పెంచుకున్న కోడి ఇది. తల మీది ఎర్ర తురాయి చిన్నది, ఈకలు ఒత్తు, కాళ్ళకు కూడా దుప్పటే. ఒంట్లో వేడి బయటికి పోవడానికి దారి తక్కువ. దాన్ని తెచ్చి మహేంద్రతనయ ఒడ్డున మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టాం.

టీచరమ్మ గారు చెప్పిన చరిత్ర ఇది. వేసవి మొదట్నుంచి గుడ్లు పొదగేస్తున్నారు. కొన్ని నాటు పెట్ట కింద, కొన్ని కొడుకు పంపిన చిన్న ఇంక్యుబేటర్లో. రెండు చోట్లా మురిగిపోయినవే. దాంతో ఇంక్యుబేటర్ మీద అనుమానం పోయి పుంజు మీద పడింది. నేను లేచి బయల్దేరుతుంటే, కేసుతో సంబంధం లేని ముచ్చటలా ఆవిడ ఇంకో మాట అన్నారు.

"రెండే రెండు పిల్లలు లేచాయి బాబూ, అవీ నల్లగా! తల్లి తెలుపు, తండ్రి తెలుపు, ఇవెక్కడివో మరి."

ఆ రోజు విన్నవాటిలో నాకు పనికొచ్చిన మొదటి సమాచారం అదే. చెప్పులు విప్పేసి మళ్ళీ పెరట్లోకి వెళ్ళాను.

ఆ రెండు పిల్లల కాళ్ళు చూశాను. పిక్క పక్కన పలచగా నాలుగు ఈకలు, నడిమి వేలు బోడి. కాళ్ళ మీద ఈకలు వచ్చే గుణం బలమైనది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా పిల్లలో ఎంతో కొంత కనబడుతుంది. కానీ తల్లీ తండ్రీ ఇద్దరూ బ్రహ్మలైతే నడిమి వేలి మీద కూడా ఈకలు దిగుతాయి, తెల్ల బ్రహ్మ పిల్ల నూగు లేత పసుపుగా ఉంటుంది. ఇవి సగం బ్రహ్మలు. తండ్రి ఎవరో వెతకాల్సిన పని కూడా లేకపోయింది. గోడ మీద నిలబడి మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. పక్కింటి పుంజు, డంకి రక్తం ఉన్నది, రెండు కిలోలు ఉంటుందేమో. శ్రీకాకుళం, విజయనగరం వైపు పందేలకు పేరున్న జాతి అది. గోడ దూకి వస్తుంది, ఐదు కిలోల పెద్దాయన పక్కకు తప్పుకుంటాడు.

అంటే పెట్టల్లో లోపం లేదు. పొదిగే పద్ధతి కూడా మరీ చెడ్డది కాదు, ఆ రెండు గుడ్లైనా పిల్లలయ్యాయి. సొంత పుంజే జత కట్టడం లేదు. అది ఆసక్తి లేకనా, చెయ్యలేకనా అన్నది తేలాలి.

దానికి ముందు గుడ్లు చూడాలి. గుడ్డులో జీవం పడిందో లేదో తెలుసుకోవడానికి ఏడో రోజు దాకా ఆగి దీపానికి పట్టి చూడనక్కర్లేదు. అప్పుడు ఖాళీగా కనబడిన గుడ్డు అసలు జీవం పడనిదా, రెండు రోజులు పెరిగి చచ్చిపోయిందా అన్నది బయటినుంచి సరిగ్గా తేలదు కూడా. తాజా గుడ్డు పగలగొట్టి పచ్చసొన మీద తెల్లమచ్చ చూడాలి. జీవం పడని గుడ్డులో అది చిన్నగా, అంచులు చెదిరిన గట్టి చుక్కలా ఉంటుంది. జీవం పడితే కాస్త పెద్దదై, చుట్టూ ఉంగరంలా గుండ్రని గీత కనబడుతుంది. టీచరమ్మ గారింట్లో పొద్దున్నే ఆమ్లెట్ అలవాటు. ఇక మీద ప్రతి గుడ్డూ గిన్నెలోకి కొట్టి ఫోటో తీసి పంపమన్నాను. ఖర్చు లేని పరీక్ష. వారం రోజుల్లో వచ్చిన ఫోటోల్లో ఉంగరం ఉన్నవి రెండే, మిగతావన్నీ చుక్కలే. రోజూ పుంజుతో కలిసి తిరిగే పెట్టల్లో ఇది చాలా తక్కువ.

ఇంక్యుబేటర్లో మిగిలిన గుడ్లు కూడా తెప్పించుకుని కొట్టి చూశాను. ఎక్కువ భాగం ఖాళీవే. కానీ కొన్నిట్లో సగం పెరిగి చచ్చిన పిల్లలున్నాయి, వాటి నూగు విచ్చుకోకుండా ముడులు పడినట్టుంది. అది వేరే సంగతి. మేత దగ్గర చెబుతాను.

పుంజు జత కట్టే సమయం ఎక్కువగా సాయంత్రం. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పుంజుకి ఆసక్తి లేదన్నది అబద్ధం. రెక్క దించి పెట్ట చుట్టూ తిరిగింది, పెట్ట కూడా వంగింది. పైకి ఎక్కబోయి, ఎడమ కాలు మీద బరువు పడగానే జారి దిగిపోయింది. కాసేపాగి మరో పెట్ట దగ్గర మళ్ళీ అదే. తర్వాత జామచెట్టు కింద కూలబడింది. పట్టుకుని పాదం తిరగేసి, ఈకలు పక్కకు తీసి చూస్తే, అరికాలి మధ్యలో ఉసిరికాయంత వాపు, దాని మీద నల్లటి పెచ్చు. కుడి పాదంలో కూడా మొదలైంది. చుట్టూ ఈకలుండటంతో ఇన్ని నెలల్లో ఎవరికీ కనబడలేదు.

దీన్ని బంబుల్ ఫుట్ అంటారు. అరికాలి చర్మం చితికి, ఆ గాటులోంచి స్టెఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియా దిగి, లోపల చీము గట్టిపడిపోతుంది. నాటు కోడికి కూడా వస్తుంది, కానీ తేలికైన కోడి దాన్ని ఎలాగో నెట్టుకొస్తుంది. ఐదు కిలోలు మోసే పాదానికి ఆ వీలు లేదు. జత కట్టేటప్పుడు పుంజు పెట్ట వీపు మీద రెండు పాదాలతో తొక్కి నిలబడి తూకం పట్టుకోవాలి. అరికాల్లో కురుపున్నవాడు నిచ్చెన ఎక్కలేడు.

ఎందుకొచ్చిందో షెడ్డులోకి తొంగిచూస్తే తెలిసిపోయింది. నేల సిమెంటు, కడగడానికి సులువని. నాటు కోళ్ళకు కట్టిన వెదురు దండెం ఛాతీ ఎత్తున ఉంది, బ్రహ్మలు కూడా రాత్రి తంటాలు పడి దాని మీదికే ఎక్కుతున్నాయి. తెల్లారి అక్కడ్నుంచి సిమెంటు మీదికి ధబ్బున దూకుతాయి. రోజూ అంత బరువు ఒక్కసారిగా పడుతుంటే అరికాలు పగలక ఏం చేస్తుంది? పైగా ఆ వెదురు సన్నగా, గుండ్రంగా ఉంది.

వైద్యం కంటే ముందు దండెం మార్పించాను. అడుగు ఎత్తుకు మించకుండా, నాలుగు వేళ్ళ వెడల్పున్న చెక్క పలక. బ్రహ్మలు నిజానికి ఎత్తు కోరవు, నేల మీద పొడి గడ్డి పరిచినా పడుకుంటాయి. సిమెంటు మీద జానెడు మందాన ఏటి ఇసుక, పైన వరి పొట్టు. తర్వాత పాదం. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పెచ్చు మెత్తబడ్డాక తీసి, లోపలి గట్టి చీము తొలగించి, పొవిడోన్ అయోడిన్‌తో కడిగి కట్టు కట్టాను. యాంటీబయాటిక్, నొప్పి మందు ఇచ్చాను. ఇది పెరట్లో బ్లేడుతో చేసుకునే పని కాదు. ఆ వాపు కింద నరాలూ స్నాయువులూ ఉంటాయి, రక్తం చాలా పోతుంది. ఇంట్లో చెయ్యాల్సింది రోజు విడిచి రోజు కట్టు మార్చడం, కట్టు తడవకుండా చూడటం. మనవడు ఆ డ్యూటీ తీసుకున్నాడు. సాధు కోడి కావడం ఇక్కడ కలిసొచ్చింది. పందేలకు పెంచే అసీల్ పుంజుకి అదే కట్టు మార్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

పాదాలు చూస్తున్నాం కదా అని పెట్టలవి కూడా చూశాను. రెండిటికి పిక్కల మీద పొలుసులు లేచి, కింద సున్నంలా తెల్లటి పొడి. పొలుసుల కింద బతికే పురుగు అది, కంటికి కనబడదు. ఈకల కాళ్ళ కోళ్ళలో ఎంత ముదిరితే గానీ బయటపడదు. ఊళ్ళో దీనికి కిరసనాయిలు పూస్తారు. వద్దు, చర్మం కాలుతుంది. సబ్బునీళ్ళతో కడిగి ఆరాక కొబ్బరి నూనెలో కాళ్ళు ముంచితే పురుగుకి ఊపిరాడదు. వారానికి రెండుసార్లు, కొత్త పొలుసులు వచ్చేదాకా. ముదిరితే ఐవర్‌మెక్టిన్ వాడతాం, అప్పుడు డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ గుడ్లు తినకూడదు.

ఇంకో అడ్డంకి ఈకలే. బ్రహ్మలకు మలద్వారం చుట్టూ ఈకలు పరుపులా ఉంటాయి. పుంజు సరిగ్గా ఎక్కినా వీర్యం ఆ ఈకల్లోనే ఆగిపోవచ్చు. జత కట్టే కాలంలో పుంజుకీ పెట్టలకీ కూడా అక్కడ కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. పీకకూడదు, నొప్పి, పైగా మళ్ళీ మొలుస్తాయి. "అందం పోతుంది బాబూ" అన్నారు టీచరమ్మ గారు. వెనక నుంచి చూసేవాళ్ళెవరని అడిగాను.

వేడి సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఈ జిల్లా మొత్తాన్ని ఊపేశాక, చాలామంది షెడ్లను గాలికి ఎగరకుండా పొట్టిగా, రేకులు వంచి కట్టుకున్నారు. ఈవిడదీ అలాంటిదే. గాలికి నిలబడుతుంది, నిజమే. మధ్యాహ్నం లోపల నా థర్మామీటరు 41 డిగ్రీలు చూపించింది. ఆ వేడిలో పుంజు వీర్యం బలహీనపడుతుంది, పెట్ట మేత తగ్గిస్తుంది, గుడ్డు పెంకు పలచబడుతుంది. కొందరు నేల తడుపుతారు. బ్రహ్మలకు అది పెద్ద ప్రమాదం. తడి మట్టి వేళ్ళ ఈకలకు పట్టి, ఎండి, గోళీల్లా గట్టిపడి వేళ్ళను నొక్కేస్తుంది. కాబట్టి తడి పైన ఉండాలి, కింద పొడిగా ఉండాలి. రేకుల మీద కొబ్బరి మట్టలు పరిచాం, పక్కలకు తడిపిన గోనెపట్టాలు కట్టాం, మధ్యాహ్నం కోళ్ళను జామ నీడలోకి వదిలాం. అయినా మే, జూన్ నెలల్లో పొదగేయడం ఆపేయమని గట్టిగా చెప్పాను. గుడ్లు తినండి, ఆ రెండు నెలలు పిల్లల జోలికి పోవద్దు.

దాచే పద్ధతి కూడా ఈ నిషేధానికి ఒక కారణం. ఆవిడ గుడ్లు గూట్లో పెట్టి, బుట్ట నిండాక పొదగేసేవారు. అంటే మొదటి గుడ్డుకి పదిహేను రోజులు. పొదిగే గుడ్డు 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో, వారానికి మించకుండా ఉండాలి. మన వంటింటి వేసవిలో గుడ్డులోని జీవం పెట్ట లేకుండానే కొంచెం పెరగడం మొదలుపెట్టి, రాత్రికి ఆగి, చివరికి చచ్చిపోతుంది. మామూలు ఫ్రిజ్ మరీ చల్లన. మట్టికుండలో ఇసుక తడిపి, పైన గిన్నెలో గుడ్లు మొన కిందకి పెట్టి, నీడలో ఉంచడం ఇక్కడ సాధ్యమైన మార్గం. అది కూడా చలికాలంలోనే బాగా పనిచేస్తుంది.

ఇక సగంలో చచ్చిన పిల్లలు. ఈ కోళ్ళ మేత నూకలు, తవుడు, మొక్కజొన్న, మిగిలిన అన్నం. ప్రేమ ఎక్కువై అవి కూడా ఎక్కువ. పెట్టలు కొవ్వు పట్టాయి, కానీ గుడ్డులోకి వెళ్ళాల్సిన బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్, ఆ మేతలో చాలా తక్కువ. అది చాలకపోతే పిల్ల గుడ్డు మధ్యలోనే చచ్చిపోతుంది, నూగు ముడులు పడిపోయి ఉంటుంది. బతికి బయటపడ్డ పిల్లకు కాలివేళ్ళు లోపలికి ముడుచుకుంటాయి. నాకు కనబడింది ఆ ముడుల నూగే. ల్యాబ్ పరీక్ష చెయ్యలేదు, లక్షణాలూ మేతా చూసి తీసుకున్న నిర్ణయం ఇది. అన్నం ఆపించి, ఎదిగే కోళ్ళకు అమ్మే గ్రోయర్ మేత పెట్టించాను. ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టాం. గుడ్లు పెట్టే పెట్ట తనకు కావాల్సినంత తింటుంది, పుంజుకి అంత సున్నం అక్కర్లేదు. రోజూ మునగాకు, నీళ్ళలో విటమిన్ పొడి, వారానికి ఒకట్రెండుసార్లు ఉడికించిన కోడి కార్జం ముక్కలు. సాయంత్రం గుప్పెడు చోళ్ళు (రాగులు) చల్లితే వాటిని ఏరుకుంటూ నడుస్తాయి, కొవ్వు కరుగుతుంది.

వానాకాలం కాలి ఈకలు శుభ్రంగా ఉంచడంలోనే గడిచిపోయింది. ఆ టైములో ఈకలు రాల్చి కొత్తవి వేసుకున్నాయి, గుడ్లు తగ్గాయి. దసరా దాటాక పుంజు పాదం నేల మీద సాఫీగా ఆనింది. అప్పుడు ఆరు పెట్టలతో పుంజును వలకట్టిన ఆవరణలో విడిగా పెట్టించాను. పక్కింటాయన పుంజును కోసెయ్యమని అడగలేం కదా, మనమే వల కట్టుకున్నాం. ఆ తర్వాత మూడు వారాల గుడ్లు పొదగెయ్యవద్దన్నాను. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు వారాల పైన బతుకుతుంది. డంకి వారసత్వం పూర్తిగా ఖాళీ కావాలి. ఆమ్లెట్ ఫోటోలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి ఉంగరాలే ఎక్కువ.

బ్రహ్మ పెట్ట కూడా పొదుగుకొస్తుంది, ఓపికగా కూర్చుంటుంది. కానీ నాలుగు కిలోల తల్లి లేచి కూర్చునేటప్పుడు గుడ్లు పగులుతాయి, కాలి ఈకలకు చిక్కి బయటికి దొర్లుతాయి. అందుకే నాటు పెట్టలను అడిగాం. గుమ్మ వైపు కొండ ఊరినుంచి సంతకు వచ్చే ఒక సవర ఆవిడ మూడు పొదుగు పెట్టలను పాలికి ఇచ్చింది. పిల్లల్లో వాటా ఆవిడది. నాటు పెట్ట తన గుడ్లయితే పది పన్నెండు కప్పుతుంది, బ్రహ్మ గుడ్లు పెద్దవి కాబట్టి ఎనిమిదేసి పెట్టాం. మూడు గంపల్లో ఇరవై నాలుగు గుడ్లకు పదిహేడు పిల్లలు లేచాయి. అన్నీ లేత పసుపు, అన్నిటికీ నడిమి వేలి మీద నూగు.

పిల్లల దశలో కొక్కెర తెగులు టీకాలు వదలకూడదు. మొదటి వారంలో లసోటా చుక్కలు, నాలుగో వారంలో మళ్ళీ, రెండు నెలలకు సూదిమందు ఆర్‌2బి. లసోటాను ఐసు పెట్టె లేకుండా బస్సులో తెస్తే నీళ్ళతో సమానం. ఇరుకుగా ఉంచితే పిల్లలు ఒకదాని కాలి ఈకలు ఒకటి పొడుచుకుంటాయి, ఒక గంపలో అదే మొదలైతే విడదీశాం. రెండు పిల్లలు పోయాయి, ఒకటి కాకి తన్నుకుపోయింది. బ్రహ్మ పిల్లలు ముప్పు చూసి పరిగెత్తడం కంటే నిలబడి చూడటమే ఎక్కువ.

సవర ఆవిడ వాటా తీసుకునే రోజు నేను కూడా అక్కడే ఉన్నాను. తెల్ల పిల్లలను ఎత్తి చూసి దింపేసింది. పాత నల్ల పిల్లలు రెండూ అప్పటికి ఎదిగాయి, అందులో పెట్టను అడిగింది. "దీని కాళ్ళకి బురద అంటదు బాబూ, డేగొస్తే ఉరుకుతాది" అంది. నా లెక్క కూడా అదే. కొండ ఊళ్ళో, వానలో, వదిలేసి పెంచేవాళ్ళకు శుద్ధ బ్రహ్మ బరువే గానీ లాభం కాదు. బ్రహ్మకూ నాటుకూ పుట్టిన పెట్ట బాగా నప్పుతుంది. లేదంటే హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన వనరాజా ఉంది. శుద్ధ బ్రహ్మ ఇసుక నేల, నీడ, రోజూ పాదాలు చూసే ఓపిక ఉన్న ఇంటికే. టీచరమ్మ గారి ఇల్లు ఇప్పుడు అలాంటిది.

కేసు ఇంకా మూయలేదు. పుంజు ఎడమ అరికాలు మందంగానే ఉంది. బరువు పెరిగితే మళ్ళీ తిరగబెడుతుంది, నెలకోసారి తూకం, పాదాల ఫోటో నాకు రావాలి. రెండోది, కొన్నప్పుడే ఇవన్నీ అన్నాచెల్లెళ్ళని నా అనుమానం. ఈ పిల్లల్ని ఇదే పుంజుతో కలిపితే తరం తరానికీ పొదిగే శాతం పడిపోతుంది. అందుకని బరంపురంలో బ్రహ్మలు పెంచే ఒకాయనతో మాట్లాడాను, రాబోయే చలికాలానికి పుంజు పిల్లలు మార్చుకుంటాం. మన వైపు నుంచి పంపేదాన్ని ఎంచుతుంటే మనవడు అన్నిటికంటే పెద్దదాన్ని చూపించాడు. నేను దాని తర్వాతిదాన్ని తీసుకున్నాను. పిక్కలు దూరంగా, వేళ్ళు తిన్నగా ఉన్నాయి, అరికాలు మెత్తగా ఉంది, అరకిలో తక్కువ. పెద్దది ఇంట్లోనే ఉంటుంది, దాన్ని పొదిగే లెక్కలో పెట్టడం లేదు.